ట్యాంకు నిండితే గంట మోగాలి: ఫీజు కట్టకుండా ప్రోగ్రామింగ్ నేర్చుకునే దారి

మా మేడ మీది ట్యాంకు నిండిన సంగతి మాకంటే ముందు ఎదురింటి పిన్నిగారికి తెలిసేది. “నీళ్లు పోతున్నాయండీ!” అని ఆవిడ కేక వేయగానే ఇంట్లో ఎవరో ఒకరం పరుగెత్తి మోటారు ఆపేవాళ్లం. అప్పటికే నీళ్లు గోడ వెంట ధార కట్టి వీధి కాలువలో కలుస్తూ ఉండేవి.

అదే కాలంలో నేను ఇంటర్నెట్‌లో ప్రోగ్రామింగ్ పాఠాలు వింటూ ఉండేవాణ్ణి. ఒకటి కాదు, మూడు కోర్సులు మొదలుపెట్టాను. మూడూ మూడో వారంలోనే ఆగాయి. వేరియబుల్ అంటే ఏమిటో మూడుసార్లు నేర్చుకుని మూడుసార్లు మరిచిపోయాను. చెప్పేవాళ్ల తప్పేమీ లేదు. నేర్చుకున్నదానితో చేయడానికి నా చేతిలో పని లేదు, అంతే. ట్యాంకుకు ఒక గంట బిగించాలని బుద్ధి పుట్టాక అదే పాఠం నాలుగోసారి విన్నాను. ఈసారి ప్రతి మాటా పనికొచ్చేదిగా వినిపించింది.

అందుకే ఈ దారి కోర్సు దగ్గర మొదలు కాదు, పని దగ్గర మొదలవుతుంది. మీకు ప్రోగ్రామింగ్ అసలు రాదనీ, రోజుకు ముప్పావు గంట కేటాయించగలరనీ అనుకుని రాస్తున్నాను. పాతదైనా సరే, ఒక కంప్యూటర్ కావాలి. ఫోను ఒక్కటే ఉంటే పైడ్రాయిడ్ వంటి యాప్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వరకు నేర్చుకోవచ్చు, కానీ సర్క్యూట్లు గీసి చూసుకోవడానికి ఫోను తెర చాలదు.

1. విసిగించే పని ఒకటి వెతుక్కోండి

ఇంట్లోనో కొట్లోనో మిమ్మల్ని రోజూ చికాకు పెట్టే చిన్న విషయం చూసుకోండి. ఫ్రిజ్ తలుపు సరిగా పడకపోతే గంట కొట్టడం, పిల్లలకు ఎక్కాలు అప్పజెప్పించే ప్రోగ్రాం, పాలవాడి నెల లెక్క, ఏదైనా సరే. షరతులు మూడే. ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. పనిచేస్తోందో లేదో ఇంట్లోనే పరీక్షించి చూడగలగాలి. గోడలోని 230 వోల్టుల కరెంటును ముట్టుకోకూడదు.

మూడో షరతు గురించి గట్టిగా చెప్పాలి. “గంట ఎందుకు, మోటారే దానంతట అది ఆగిపోయేలా చేయవచ్చు కదా” అని అందరికీ అనిపిస్తుంది. చేయవచ్చు, మొదటి ప్రయత్నంలో మాత్రం వద్దు. పొలం మోటారైతే త్రీ ఫేజ్, 415 వోల్టులు. అది నేర్చుకునేవాళ్లు ప్రయోగాలు చేసే చోటు కాదు. మనం చేసేది 5 వోల్టులతో నడిచే గంట. తప్పు చేస్తే మహా అయితే ఒక చిన్న లైటో, బోర్డో మాడిపోతుంది.

2. గురువులు ఇద్దరు చాలు

ఉచిత పాఠాలకు కరువు లేదు, అసలు ఇబ్బంది అదే. పది చోట్ల పేరు నమోదు చేసుకునే బదులు ఇద్దరిని ఎంచుకోండి. ఒకరు ప్రోగ్రామింగ్ చెప్పడానికి, ఒకరు చేతి పనికి.

తెలుగులో వింటే సుఖంగా ఉంటుందనుకునేవారు ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలతో మొదలుపెట్టండి. ఒక్కోటి పది నిమిషాలు అటూ ఇటూగా ఉంటుంది. చాలా వాటికి తెలుగు వ్యాఖ్యానం ఉంది, అన్నిటికీ లేదు. తెరను రెండు సగాలు చేసి, ఒక సగంలో పాఠం, రెండో సగంలో మీ పని పెట్టుకోవడం వాటి పద్ధతి. వాళ్లు ఒక వరుస రాస్తే ఆపండి, మీరు ఒక వరుస రాయండి, మళ్లీ నడపండి. పాఠం ఏ సంస్థదైనా ఈ పద్ధతి పాటించండి. వీడియోను సినిమాలా చివరిదాకా చూస్తే అంతా వచ్చేసినట్టే ఉంటుంది, ఖాళీ తెర ముందు కూర్చున్నాక ఏమీ రాలేదని తెలుస్తుంది.

ఇంగ్లిష్ పాఠం అర్థమవుతుందనుకుంటే హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి సీఎస్50 కోర్సుకు సాటి వచ్చేవి తక్కువ. డేవిడ్ మేలన్ అనే ఆచార్యుడు వేదిక మీద నాటకంలా చెబుతారు. వారాల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. సున్నా వారంలో ఎంఐటీ వాళ్లు పిల్లల కోసం 2007లో విడుదల చేసిన, రంగు దిమ్మెలు పేర్చి ప్రోగ్రాం రాసే స్క్రాచ్, ఒకటో వారం నుంచి సి భాష. మనం వాడబోయే ఆర్డుయినో బోర్డుకు (ప్రోగ్రాం ఎక్కిస్తే స్విచ్చులు చదివి లైట్లు, గంటలు నడిపే అరచేతంత కంప్యూటర్) రాసేది సి, సి++ భాషలోనే కనుక ఆ చదువు నేరుగా పనికొస్తుంది. మాటలు వేగంగా అనిపిస్తే వేగాన్ని 0.75కు తగ్గించి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. యంత్రం చేసిన తెలుగు సబ్‌టైటిల్స్ మాత్రం వద్దు. సాంకేతిక పదాలన్నిటినీ అనువదించబోయి అది మనల్ని అడవి పాలు చేస్తుంది.

వెబ్‌సైట్లు తయారుచేయడం వైపు మొగ్గు ఉన్నవారికి 2014లో మొదలైన ఫ్రీకోడ్‌క్యాంప్ ఉంది. కాలేజీ పద్ధతిలో, వారానికింత అని చదవాలనుకునేవారికి ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ కోర్సులు కేంద్ర ప్రభుత్వపు స్వయం పోర్టల్‌లో ఉన్నాయి. వాటిలో పాఠాలకు ఫీజు లేదు, ధ్రువపత్రం కోసం పరీక్ష రాస్తేనే రుసుము కట్టాలి. ధ్రువపత్రం గురించి ఇప్పుడే ఆలోచించకండి. నా మూడు కోర్సులు ఆగిపోవడానికి అదీ ఒక కారణం. పత్రం ఎప్పుడు వస్తుందా అని లెక్కపెట్టుకోవడమే తప్ప పాఠం మీద ధ్యాస ఉండేది కాదు.

పదాలతో ఇబ్బంది పడేవారికి ఒక చిట్కా. ప్రతి కొత్త మాటకూ మీ ఇంట్లో దొరికే పోలిక ఒకటి నోటు పుస్తకంలో రాసుకోండి. నా పుస్తకంలో వేరియబుల్ అంటే పేరు రాసిన డబ్బా, అర్రే అంటే పోపుల పెట్టె. వైల్ లూప్ అంటే పాలు పొంగేదాకా పొయ్యి దగ్గరే నిలబడడం, ఎన్నిసార్లు చూస్తామో ముందే తెలియదు. ఫర్ లూప్ అంటే చిలుకూరు బాలాజీ గుడిలో 108 ప్రదక్షిణలు. చేతిలో అంకెల కార్డు, ఒక్కో చుట్టుకూ ఒక్కో అంకె కొట్టేయడం, 108 కాగానే ఆగడం. తేడా ఒక్కటే. మనం ఒకటి నుంచి లెక్కపెడతాం, సి భాష సున్నా నుంచి 107 దాకా లెక్కపెడుతుంది. ఈ తేడా దగ్గర అందరూ ఒకసారైనా బోర్లా పడతారు, మీరూ పడతారు.

3. కొనకముందే కట్టి చూడండి

ఇప్పుడు చేతి పని. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రెయా పట్టణంలో, ఇంజినీర్లు కాని డిజైన్ విద్యార్థుల కోసం పుట్టింది. దాన్ని తయారుచేసినవాళ్లు సాయంత్రాలు కూర్చునే బార్ పేరే దానికి పెట్టారు. ఎలక్ట్రానిక్స్ చదవనివాళ్లు వాడడం కోసమే చేసింది కనుక బెరుకు అక్కర్లేదు.

బోర్డు కొనకుండానే దాన్ని వాడవచ్చు. ఆటోడెస్క్ సంస్థ ఉచితంగా ఇస్తున్న టింకర్‌క్యాడ్‌లో ఖాతా తెరిచి, సర్క్యూట్స్ విభాగంలోకి వెళ్లండి. కుడివైపు జాబితా నుంచి ఆర్డుయినో ఊనో బోర్డును లాగి పెట్టండి. కోడ్ కిటికీ తెరిచి ‘బ్లాక్స్, టెక్స్ట్’ రెండూ కనిపించే పద్ధతి ఎంచుకోండి. ఎడమన రంగు దిమ్మెలు పేర్చుతూ ఉంటే, కుడివైపు అదే ప్రోగ్రాం సి++లో తయారవుతూ కనిపిస్తుంది. ఒక వారం పాటు ఆ కుడివైపునే చూస్తూ ఉండండి. భాష కంటికి అలవాటు పడడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు.

మొదటి రోజు 13వ పిన్నుకు (బోర్డు అంచున తీగ గుచ్చే అంకెల రంధ్రాలే పిన్నులు) కలిసి ఉండే బోర్డు మీది చిన్న లైటును వెలిగించి ఆర్పండి. మధ్యలో ఆగే సమయం 1000 అని ఉంటుంది. అవి మిల్లీ సెకన్లు, అంటే ఒక సెకను. దాన్ని 200 చేసి చూడండి. తర్వాత 20 చేసి చూడండి, లైటు మిణుకుమనడం మానేసి వణుకుతున్నట్టు ఉంటుంది. ఎందుకని మీకు మీరే ప్రశ్న వేసుకోండి.

రెండో రోజు బయటి ఎల్‌ఈడీ లైటును రెసిస్టర్ (కరెంటును తగ్గించే చిన్న భాగం) లేకుండా నేరుగా పిన్నుకు కలపండి. నిజంగానే, తప్పని తెలిసే కలపండి. లైటులోంచి కరెంటు మోతాదు మించిపోతోందని టింకర్‌క్యాడ్ హెచ్చరిస్తుంది. ఇప్పుడు మధ్యలో 220 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. పిన్ను ఇచ్చేది 5 వోల్టులు, ఎర్ర లైటు వాడుకునేది సుమారు 2. మిగిలిన 3 వోల్టులను 220తో భాగిస్తే దాదాపు 14 మిల్లీ ఆంపియర్లు. పదో తరగతిలో బట్టీ పట్టిన ఓమ్ సూత్రం ఇన్నేళ్లకు ఒక లైటును కాపాడింది.

తర్వాతి రోజుల్లో ట్యాంకులో తేలే స్విచ్చుకు బదులుగా మామూలు స్లైడ్ స్విచ్, గంటకు బదులుగా పీజో అనే చప్పుడు చేసే బిళ్ల పెట్టి, స్విచ్ జరిపితే చప్పుడు వచ్చేలా చేయండి. స్విచ్ ఉన్న పిన్నును ‘ఇన్‌పుట్ పుల్అప్’ అని ప్రకటించడం మరవకండి. అలా చేస్తే బోర్డు లోపలి రెసిస్టర్ ఒకటి ఆ పిన్నును 5 వోల్టుల వైపు లాగి ఉంచుతుంది, అందుకని స్విచ్ తెరిచి ఉన్నప్పుడు 1, మూసినప్పుడు 0 వస్తుంది. తలకిందులుగా అనిపిస్తుంది కదా. ఈ తలకిందులే తర్వాత నన్ను గట్టెక్కించింది.

4. తప్పు చెప్పేది చదవడం నేర్చుకోండి

నేర్చుకోవడం ఎక్కువ మంది మానేసేది ఇక్కడే. ఎర్ర అక్షరాల్లో ఇంగ్లిష్ వాక్యాలు ఇరవై ఒక్కసారిగా వచ్చి పడేసరికి ‘ఇది మన వల్ల కాదు’ అని మూసేస్తారు. మొదటి తప్పు ఒక్కటే చదవండి. మిగతావి చాలావరకు దాని పిల్లలే. అందులో వరుస సంఖ్య ఉంటుంది, ఆ వరుసకు వెళ్లండి. అక్కడ తప్పేమీ కనబడకపోతే పై వరుస చూడండి. ఉదాహరణకు 7వ వరుస చివర సెమీకోలన్ మరిచిపోతే, తప్పు 8వ వరుసలో ఉందని వస్తుంది. వాక్యం ముగియలేదని కంప్యూటర్‌కు తెలిసేది తర్వాతి వరుస మొదలయ్యాకే కదా.

ఏఐ చాట్‌బాట్‌ను అడగవచ్చా? అడగండి, కానీ “ట్యాంకు గంటకు ప్రోగ్రాం రాసిపెట్టు” అని కాదు. అది రాసిపెడుతుంది, పని చేస్తుంది కూడా, మీకు మాత్రం ఏమీ రాదు. “ఈ తప్పుకు అర్థం తెలుగులో చెప్పు, సరిచేయవద్దు” అని అడగండి. చాలా ఓపికగల ట్యూషన్ మాస్టారు దొరికినట్టే.

5. ఇప్పుడు కొనండి

తెరమీద గంట మోగిన తర్వాతే డబ్బు తీయండి. కావలసినవి: ఆర్డుయినో ఊనో లేదా దాని నకలు బోర్డు, బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా తీగలు గుచ్చి కలిపే రంధ్రాల పలక), కొన్ని జంపర్ తీగలు, గుప్పెడు రెసిస్టర్లు, రెండు మూడు ఎల్‌ఈడీలు, 5 వోల్టుల యాక్టివ్ బజర్ (కరెంటు ఇవ్వగానే దానంతట అదే మోగేది), ఒక చిన్న ఫ్లోట్ స్విచ్, ట్యాంకు నుంచి ఇంట్లోకి వచ్చేటంత రెండు పోగుల తీగ. నకలు బోర్డు తీసుకుంటే మొత్తం అటూ ఇటూగా వెయ్యి రూపాయల్లో అయిపోతుంది. హైదరాబాద్‌లో ఉంటే కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి చేత్తో పట్టుకుని చూసి కొనడం మంచిది, వేరే ఊళ్లలో ఉంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. ఆరు నుంచి పన్నెండో తరగతి లోపు చదివే పిల్లలుంటే, వాళ్ల బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కనుక్కోండి. కేంద్ర ప్రభుత్వం ఈ పథకం కింద ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇచ్చింది. గదికి తాళం వేసి ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అడగడం మన హక్కు.

బోర్డును కంప్యూటర్‌కు కలిపాక ప్రోగ్రాం ఎక్కకపోతే, ‘నాట్ ఇన్ సింక్’ అనే మాట వస్తే, కంగారు పడకండి. సరైన పోర్ట్ ఎంచుకున్నారా, సరైన బోర్డు పేరు ఎంచుకున్నారా చూడండి. నకలు బోర్డుల్లో తరచుగా ఉండే సీహెచ్340 అనే చిప్‌కు డ్రైవర్ (కంప్యూటర్ ఆ చిప్‌ను గుర్తుపట్టేందుకు వేసే చిన్న ప్రోగ్రాం) వేయాల్సి రావచ్చు. అవన్నీ సరిగ్గా ఉన్నా ఎక్కకపోతే తీగ మార్చండి. కొన్ని యూఎస్‌బీ తీగలు చార్జింగ్‌కు మాత్రమే పనికొస్తాయి, లోపల డేటా పోగులే ఉండవు. నేను ఒక పూటంతా డ్రైవర్లతో కుస్తీ పట్టి, చివరికి వేరే తీగ పెడితే ఒక్క క్షణంలో పనయింది.

బ్రెడ్‌బోర్డు గురించీ ఒక మాట. మధ్యలో అడ్డంగా వేసిన ఐదేసి రంధ్రాలు లోపల ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. పొడవాటి బోర్డుల్లో అంచున ఉండే ఎరుపు, నీలం గీతలు కొన్నిట్లో సగంలో తెగి ఉంటాయి. గీత తెగిన చోట కరెంటు కూడా తెగినట్టే.

6. మేడ మీదికి ఎక్కించండి

ఫ్లోట్ స్విచ్ నిర్మాణం ముచ్చటగా ఉంటుంది. నడుమ కాడ లోపల రీడ్ స్విచ్, చుట్టూ తేలే బుడ్డిలో అయస్కాంతం. నీళ్లు బుడ్డిని పైకి లేపితే అయస్కాంతం రీడ్ స్విచ్ దగ్గరికి వచ్చి దాన్ని మూస్తుంది. బుడ్డిని తీసి తిరగేసి పెడితే పద్ధతి తారుమారవుతుంది, నీళ్లు లేచినప్పుడు తెరుచుకుంటుంది.

మొదట నేను తోచినట్టే కట్టాను. ట్యాంకు నిండితే స్విచ్ మూసుకుంటుంది, పిన్ను 0 చదువుతుంది, గంట మోగుతుంది. నెల రోజులు బ్రహ్మాండంగా మోగింది. ఒక పొద్దున పిన్నిగారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

“ఏమయ్యా, మీ గంట మోగలేదే? నీళ్లు మా వాకిట్లోకి వచ్చేశాయి.”

మేడ మీదికి వెళ్లి చూస్తే తీగ రెండు ముక్కలై ఉంది. కోతులు. తీగ తెగితే స్విచ్ ఎప్పటికీ మూసుకోదు, అంటే నా ప్రోగ్రాం దృష్టిలో ట్యాంకు ఎప్పటికీ నిండదు. పాడైపోయిన నా పరికరం ‘అంతా క్షేమమే’ అని చెబుతూ కూర్చుంది.

పాత టింకర్‌క్యాడ్ పాఠంలోని తలకిందుల సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బుడ్డిని తిరగేశాను. ఇప్పుడు ట్యాంకు వెలితిగా ఉన్నంతసేపూ స్విచ్ మూసి ఉంటుంది, పిన్ను 0 చదువుతుంది. నిండితే తెరుచుకుంటుంది, పిన్ను 1 చదువుతుంది, గంట మోగుతుంది. తీగ తెగినా తెరుచుకున్నట్టే కనుక అప్పుడూ గంట మోగుతుంది. ప్రోగ్రాంలో మారింది ఒక్క అంకె. మీరు మొదటే ఇలా కట్టండి, ఆ తర్వాత మీరే తీగ పీకి పరీక్షించండి. కోతులకు ఆ అవకాశం ఇవ్వవద్దు.

రెండో తగాదా అలలతో. నీళ్లు పైనుంచి పడుతున్నప్పుడు బుడ్డి ఊగుతుంది, గంట మోగుతూ ఆగుతూ పిచ్చెక్కిస్తుంది. దీనికి మందు ప్రోగ్రాంలోనే ఉంది. ‘లెక్క’ అనే వేరియబుల్ పెట్టుకోండి. ప్రతి 100 మిల్లీ సెకన్లకు ఒకసారి పిన్నును చదవండి. 1 వస్తే లెక్కను ఒకటి పెంచండి, 0 వస్తే మళ్లీ సున్నా చేయండి. లెక్క 30కి చేరితేనే గంట కొట్టండి. అంటే మూడు సెకన్ల పాటు ఎడతెగకుండా నిండుగా కనిపిస్తేనే నిండినట్టు. ప్రదక్షిణల కార్డే ఇది కూడా, కాకపోతే మధ్యలో ఒక్క అడుగు తప్పినా మళ్లీ మొదటి నుంచి.

చిన్న బజర్‌ను పిన్ను నుంచే మోగించవచ్చు. పిన్ను మీద 20 మిల్లీ ఆంపియర్లకు మించి భారం వేయకపోవడం మంచిది, పెద్ద గంటైతే మధ్యలో బీసీ547 వంటి ట్రాన్సిస్టర్ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే భాగం) పెట్టాలి. బోర్డుకు కరెంటు పాత ఫోను చార్జరు ఇస్తుంది. బోర్డు, బజర్ ఇంట్లోనే ఉంచండి. పైకి వెళ్లేది స్విచ్, తీగ మాత్రమే. తీగను పీవీసీ గొట్టంలోంచి పంపితే కోతుల బెడద తీరుతుంది.

7. తర్వాత

ఒక పని ముగించాక ఆగిపోయిన కోర్సు దగ్గరికి తిరిగి వెళ్లండి. ఈసారి ఫంక్షన్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు, గంట కొట్టే నాలుగు వరుసలను రెండు చోట్ల రాయాల్సి వచ్చి విసిగి ఉంటారు కనుక. గంట బదులు ఫోనుకు సందేశం రావాలంటే వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు తీసుకోండి. దాన్నీ కొనకముందు వోక్వీ అనే ఉచిత సిమ్యులేటర్‌లో నడిపి చూడవచ్చు. దాని పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టులు తగిలిస్తే పాడవుతాయి. ఇలాంటి పరికరాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో వరుసగా చదవాలంటే, ఐఐటీ ఖరగ్‌పుర్ ఆచార్యులు సుదీప్ మిశ్రా చెప్పిన ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ కోర్సు ఎన్‌పీటెల్‌లో ఉంది.

పోయిన వారం పిన్నిగారు తమ ట్యాంకుకూ ఒక గంట కావాలన్నారు. వాళ్లది మూడంతస్తుల ఇల్లు, తీగ మా ఇంటికి పట్టినదానికి మూడింతలు. అంత పొడవు తీగ మోటారు వేసినప్పుడల్లా గాలిలోంచి కరెంటు అలజడిని (నాయిస్) పట్టుకుంటుంది. బోర్డు లోపలి పుల్అప్ రెసిస్టర్ 20 నుంచి 50 కిలో ఓమ్‌లు, అంత పొడవుకు అది బలహీనం. బయట 5 వోల్టులకూ పిన్నుకూ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి అదనంగా పెట్టాలి. తీగ కొని ఉంచారు, ఆదివారం పొద్దున్నే నిచ్చెన తీసుకుని రమ్మన్నారు.